సీసా నుంచి మనిషి దాకా

తాటిచెట్టు లేని తెలుగు ఊరు అరుదు. గోదావరి గట్ల మీద, పల్నాటి చేలల్లో, పాలమూరు ఎర్రనేలల్లో తాడి, ఈత చెట్లు మన పూర్వులతో పాటే పెరిగాయి. గీసేవాడికి అవి బతుకుతెరువు. గ్రామదేవతకు సాక పోయాలన్నా, పొద్దంతా కష్టపడి వచ్చిన కూలివాడి ఒళ్ళు నొప్పులు తీరాలన్నా కల్లు ముంత ఉండాల్సిందే. కల్లు నుంచి సారాకు, సారా నుంచి సీసాలో వచ్చే రంగు మందుకు, అక్కడి నుంచి గంజాయి పొట్లానికీ మత్తు మాత్రకూ సాగిన ప్రయాణం మన చరిత్ర పుస్తకాల్లో అంతో ఇంతో నమోదైంది. పన్ను ఎంత వచ్చిందో, నిషేధం ఎప్పుడు పెట్టారో, ఏ ప్రభుత్వం ఎందుకు పడిపోయిందో లెక్కలు ఉన్నాయి. ఆ మత్తుకు బానిసైన మనిషిని సమాజం ఏ కంటితో చూసింది, అతణ్ణి తిరిగి నిలబెట్టడానికి ఎవరు ఏం చేశారు అన్న కథను మాత్రం వరసగా చెప్పుకున్నది తక్కువ. అది చెప్పుకోదగ్గ కథ. పాపిగా, నేరస్థుడిగా, ఖజానా నింపే గిరాకీగా చూసిన మనిషిని రోగిగా, తోటివాడిగా చూడటం నేర్చుకోవడానికి మానవజాతికి ఎన్నో తరాలు పట్టింది. ఆ పాఠం నేర్పడంలో పెద్ద మలుపులన్నిటి దగ్గరా మనకు కనిపించేది ఏలినవారు కారు. ఆ బాధను ఒంటి మీదా ఇంటి మీదా మోసినవాళ్ళు.

తాగుబోతును రోగిగా చూసే ఈ చూపుకు మన దేశంలో పాత మూలాలే ఉన్నాయి. చరకసంహిత చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం మొత్తం మదాత్యయ చికిత్సకే కేటాయించారు. అతిగా తాగడం వల్ల వచ్చే జబ్బును వాత, పిత్త, కఫ భేదాలతో విడదీసి, లక్షణాలు వివరించి, దేనికి ఏ ఉపచారమో చెప్పారు. కొంతకాలం మానేసిన వాడు ఒక్కసారిగా మళ్ళీ విపరీతంగా తాగితే వచ్చే ధ్వంసకం, విక్షయం అనే రెండు అవస్థలను ప్రత్యేకంగా గుర్తించారు. మానినవాడు మళ్ళీ మొదలుపెట్టే ఘడియ ఎంత ప్రమాదకరమైనదో ఆనాటి వైద్యులకు తెలుసు. ఆహారం, పానీయాలతో పాటు మనసుకు ఉల్లాసం కలిగించడం, ఇష్టులైన వారి సాంగత్యం కూడా వాళ్ళ చికిత్సలో భాగమే. సుశ్రుతుడి ఉత్తరతంత్రం కూడా ఈ వ్యాధికి చోటిచ్చింది. అయితే అదే కాలపు ధర్మశాస్త్రాలు సురాపానాన్ని మహాపాతకాల్లో చేర్చి, కఠినమైన ప్రాయశ్చిత్తాలు విధించాయి. వైద్యుడి చూపు ఒకటి, తీర్పరి చూపు ఒకటి. రెండూ పక్కపక్కనే పుట్టినా, సమాజం మాత్రం చాలాకాలం రెండోదాన్నే పట్టుకుని నడిచింది. వైద్యుడి మాట తాళపత్రాల్లో ఉండిపోయింది. తాగినవాడి మీద తీర్పు మాత్రం రచ్చబండ దాకా వచ్చింది.

పల్లెల్లో పూర్వం తాగుడుకు ప్రకృతే కొంత హద్దు గీసేది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది. నిలవ ఉండదు, దూరం పోదు. చెట్టు పారే కాలం, పండగ, జాతర, పెళ్ళి అన్నవి దాని సందర్భాలు. బట్టీ సారా, దాన్ని అమ్మే గుత్తేదారు వచ్చాక ఆ హద్దు చెరిగిపోయింది. కంపెనీ పాలనలోనూ, తర్వాత బ్రిటిషు ప్రభుత్వంలోనూ, ఇటు నిజాం రాజ్యంలోనూ ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆధారమైంది. అమ్మే హక్కును వేలంపాటలో పాడుకున్నవాడు ఎంత ఎక్కువ తాగిస్తే అంత లాభం. ఈ ఏర్పాటు మీద మన నేలలో రగిలిన తొలి పెద్ద తిరుగుబాటు 1879 నాటి రంప పితూరీ. తమ చెట్ల కల్లు తాము తాగడానికి పన్ను కట్టాలనడం, మన్సబుదారు వసూలు చేసిన చిగురుపన్ను, కల్లు గుత్తేదార్ల దౌర్జన్యం కొండవాళ్ళను ఆయుధం పట్టేలా చేశాయి. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర వంటివారు ముందు నిలిచారు. పితూరీని అణిచేశారు, ఆబ్కారీ మాత్రం మరింత బిగిసింది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. తాగుడును అదుపు చేయాల్సిన చేయే తాగుడు డబ్బుతో నిండటం అన్న ఇరకాటం ఆబ్కారీతో మొదలై, జెండాలు మారినా నేటికీ తెగలేదు.

కంపెనీ కాలంలో మనకు ఈ ముడి పడటం మొదలైనప్పుడే పడమటి వైద్యులు తాగుబోతును కొత్తగా చూడటం మొదలుపెట్టారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 1784లో ప్రచురించిన పుస్తకంలో ఘాటు మద్యాల వల్ల కలిగే హాని వివరించి, అదుపు తప్పిన తాగుడు ఒక వ్యాధి అన్నాడు. బ్రిటిషు నౌకాదళంలో వైద్యుడిగా నావికుల తాగుడును దగ్గరగా చూసిన థామస్ ట్రాటర్ 1804లో దాన్ని మనసుకు సంబంధించిన జబ్బుగా వర్ణించాడు. స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హస్ 1849లో దీర్ఘకాలిక మద్యరోగానికి శాస్త్రీయమైన పేరు పెట్టి, నరాలు, కాలేయం, జీర్ణకోశం ఎలా దెబ్బతింటాయో వరసగా రాశాడు. వీరికంటే విశేషమైన ప్రయోగం 1840లో బాల్టిమోర్ నగరంలో జరిగింది. ఒక పానశాలలో కూర్చున్న ఆరుగురు తాగుబోతులు తామే ఒక సంఘం పెట్టుకుని, మానేస్తామని ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. వాషింగ్టోనియన్లుగా పేరుపడ్డ ఆ సంఘం కొద్ది ఏళ్ళలోనే వేలాది మందిని కూడగట్టి, రాజకీయ వాదాల్లో చిక్కుకుని అంతే వేగంగా చెదిరిపోయింది. తాగుడు నుంచి బయటపడినవాడే మరొకణ్ణి బయటికి లాగగలడన్న సత్యం మాత్రం అప్పుడే రుజువైంది. అది మళ్ళీ మొలకెత్తడానికి మరో 95 ఏళ్ళు పట్టింది.

మన దేశంలో పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల నుంచి కొంతకాలం సంస్కర్తలది. 1888లో బ్రిటిషు పార్లమెంటు సభ్యులు శామ్యూల్ స్మిత్, డబ్ల్యు.ఎస్. కెయిన్ కలిసి భారతదేశం కోసం ఒక మద్యనిరోధక సంఘాన్ని నెలకొల్పారు. కెయిన్ దేశమంతా తిరిగి ఆబ్కారీ విధానాన్ని విమర్శించాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో స్థాపించిన జగన్మిత్ర మండలి ద్వారా దళిత వాడల్లో హరికథలు చెప్పించి, పెళ్ళిళ్ళలోనూ జాతరల్లోనూ తాగుడు మానాలని బోధించారు. ఆత్మగౌరవానికీ మత్తు మానడానికీ సంబంధం ఉందని ఆయన గట్టిగా నమ్మారు. కోస్తాలో కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావృత్తి మీద ‘చింతామణి’, వరకట్నం మీద ‘వరవిక్రయం’ రాసిన చేత్తోనే తాగుడు మీద ‘మధుసేవ’ నాటకం రాశారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటానికి దిగకముందే కొండవాళ్ళను తాగుడు మానమన్నాడు, తగవులు ఊళ్ళోనే తీర్చుకోమన్నాడు. గాంధీజీ పిలుపుతో 1921లోనూ, 1930లోనూ ఆంధ్రదేశమంతటా కల్లు దుకాణాల ముందు పికెటింగ్ జరిగింది, వేలంపాటలను బహిష్కరించారు. పరదా దాటి వీధిలోకి వచ్చిన ఎందరో స్త్రీలకు ఆ దుకాణం గుమ్మమే తొలి రాజకీయ వేదిక. ఈ తరం గొప్పదనాన్ని తగ్గించి చూడలేం. వారి ఆయుధాలు ప్రతిజ్ఞ, బోధ, కులపంచాయితీ కట్టుబాటు. మనసు మళ్ళినవాడికి అవి చాలాయి. ఒళ్ళు వణికిపోతూ ప్రతిజ్ఞ తప్పినవాడికి మాత్రం ఆ యుగం దగ్గర జవాబు లేదు. అతణ్ణి మాట నిలుపుకోలేనివాడిగా లెక్కగట్టి పక్కన పెట్టింది.

తర్వాతి అధ్యాయం చట్టానిది. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాతో మద్యనిషేధాన్ని మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆబ్కారీ ఆదాయాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. యుద్ధకాలంలో కుంటుపడ్డ నిషేధాన్ని 1946 తర్వాత తిరిగి ఎత్తుకుని, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా అమలులోకి తెచ్చారు. రాజ్యాంగం 47వ అధికరణం దాన్ని ఆదేశిక సూత్రంగా నిలబెట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే నాటికి దొంగసారా ఊరూరా పాకింది. ఎస్.వి. రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అందుకు సిద్ధపడలేదు. ఆ అంశం మీదే వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. మద్యం మన రాజకీయాలను ఎంత లోతుగా శాసిస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. 1960ల చివరికి కోస్తా, రాయలసీమల్లోనూ నిషేధం సడలింది. తెలంగాణ జిల్లాల్లో అది అసలు అమలు కానే లేదు. ఇన్నేళ్ళ వాదోపవాదాల్లో దుకాణం తెరవాలా మూయాలా అన్నదే ప్రశ్న. అప్పటికే తాగుడుకు లొంగిపోయిన మనిషికి చికిత్స ఎక్కడ అన్న ప్రశ్నకు చోటు దొరకలేదు.

ఆ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు దూరదేశంలో, ఇద్దరు రోగుల మధ్య పుట్టింది. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్, స్థానిక శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో జీవితాన్ని పోగొట్టుకునే దాకా వచ్చినవాళ్ళు. ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకుంటే ఆ రోజుకు తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించారు. ఆ గ్రహింపు నుంచి ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టింది. 1939లో వచ్చిన పుస్తకంలో పన్నెండు మెట్లు అక్షరరూపం దాల్చాయి. చందా లేదు, పెద్దలూ చిన్నలూ లేరు, పేరు చెప్పనక్కర్లేదు. మానాలన్న కోరిక ఒక్కటే ప్రవేశార్హత. జీవితాంతం మానేస్తానన్న భారమైన ప్రతిజ్ఞను పక్కన పెట్టి, ఈ ఒక్క రోజుకు తాగనన్న సంకల్పాన్ని చేతికిచ్చారు. తాగేవాడి ఇల్లు కూడా జబ్బుపడుతుందని గుర్తించిన బిల్ భార్య లోయిస్ విల్సన్ చొరవతో 1951లో కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ రూపుదిద్దుకుంది. 1957లో ఈ ఉద్యమం భారతదేశానికి చేరింది. ఇవాళ తెలుగు నగరాల్లోనూ సాయంత్రం వేళల్లో ఏఏ మీటింగులు జరుగుతున్నాయి. సొంత పేరుతో పాటు తన జబ్బు పేరు చెప్పుకుని మాట మొదలుపెట్టే మనిషి ఎదుట ఆటోడ్రైవరూ ఇంజనీరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కులం, హోదా ఇంత సులువుగా పక్కకు జరిగే చోట్లు మన సమాజంలో ఎన్నో లేవు.

ఇరవయ్యో శతాబ్దపు నడిభాగంలో శాస్త్రం ఈ అనుభవానికి తోడు నిలిచింది. 1948లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు డైసల్ఫిరామ్ అనే మందును చికిత్సలోకి తెచ్చారు. అది వేసుకున్నవాడు తాగితే ఒళ్ళు కందిపోయి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో ఒక చోట విద్యుత్తు తాకితే ఆ ఎలుక మళ్ళీ మళ్ళీ మీట నొక్కుతుందని చూపించి, మెదడులోని సుఖమార్గాల అధ్యయనానికి దారి తెరిచారు. 1956లో అమెరికా వైద్యసంఘం మద్యవ్యసనాన్ని వ్యాధిగా ఒప్పుకుంది. 1960లో పరిశోధకుడు జెల్లినెక్ పుస్తకం ఆ భావనకు పునాది వేసింది. 1970లలో లీ రాబిన్స్ చేసిన అధ్యయనం మరో కోణం చూపింది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్లో ఎక్కువమంది ఇంటికి తిరిగొచ్చాక ఆ అలవాటుకు దూరమయ్యారు. పదార్థం ఎంత బలమైనదో, చుట్టూ ఉన్న బతుకు కూడా అంత బలమైనదే. ఇవన్నీ కలిపి చూస్తే ఇవాళ మనకు తెలిసిన చిత్రం ఇది: వంశంలో వచ్చే మొగ్గు కొంత, చిన్నతనపు గాయాలు కొంత, చేతికందే మత్తు కొంత, సావాసం కొంత కలిసి మెదడులోని కోరిక, అదుపు, జ్ఞాపకాల అమరికను మార్చేస్తాయి. మొదటి గుక్క మనిషి ఎంచుకున్నదే కావచ్చు. అమరిక మారిపోయాక పదో ఏట తాగే గుక్కలో ఎంపిక పాలు చాలా తక్కువ. పట్టుదల లేనివాడన్న నింద అక్కడ పొసగదు.

ఈ జ్ఞానం దక్షిణాదికి ఒక స్త్రీ దుఃఖం దారి వెంట వచ్చింది. చెన్నైలో టీటీకే పారిశ్రామిక కుటుంబానికి చెందిన టి.టి. రంగనాథన్ తాగుడు వల్ల 1979లో చిన్న వయసులోనే చనిపోయారు. ఆయన భార్య శాంతి రంగనాథన్ ఆ విషాదాన్ని దాచుకుని కూర్చోలేదు. అమెరికాలో శిక్షణ పొంది, 1980లో భర్త పేరిట ఒక వైద్య పరిశోధన సంస్థను నెలకొల్పారు. రోగితో పాటు కుటుంబానికి కూడా చికిత్స ఇవ్వడం, విడిచిపెట్టాక ఏళ్ళ తరబడి బాగోగులు కనుక్కోవడం, ఊళ్ళలోనే శిబిరాలు పెట్టి ఊరి పెద్దలను భాగస్వాములను చేయడం ఆ సంస్థ పద్ధతి. ఆమెకు 1992లో పద్మశ్రీ లభించింది. తర్వాత దేశంలో పుట్టిన ఎన్నో డీ-అడిక్షన్ కేంద్రాలకు ఆ నమూనా ఆదర్శమైంది. సరిహద్దు దాటి వైద్యానికి వెళ్ళిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అదే దశకంలో ప్రభుత్వమూ కదిలింది. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. స్వచ్ఛంద సంస్థల కేంద్రాలకు కేంద్రం నిధులివ్వసాగింది. ఢిల్లీ ఎయిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్ వ్యసన చికిత్సకు విడి విభాగాలు ఏర్పరిచి, వైద్యులకు శిక్షణ ఇచ్చాయి.

శాస్త్రం ఆసుపత్రుల్లో స్థిరపడుతున్న సమయానికి తెలుగు పల్లె మాత్రం సారాలో మునిగి ఉంది. 1980లలో వారుణి వాహిని పేరిట సర్కారు సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో గుడిసె గుమ్మం దాకా వచ్చింది. తాగునీరు లేని ఊరికీ సారా అందింది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరేది. 1990, 91ల్లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు తమ బతుకే కథగా ఉన్న పాఠాలు చదివారు. ‘సీతమ్మ కథ’ చదివినవాళ్ళు అది తమ ఇంటి కథేనన్నారు. ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠం వాళ్ళను ఏకం చేసింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ వార్త పక్క ఊరికి, పక్క ఊరి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు సాగనివ్వకుండా వేలమంది మహిళలు అడ్డుకున్నారు. పొలం కూలీలు, వితంతువులు, అప్పుడే సంతకం నేర్చుకున్నవాళ్ళు నడిపిన ఉద్యమం అది. ఆధునిక తెలుగు చరిత్రలో సామాన్య స్త్రీలు సాధించిన ఘనవిజయాల వరసలో దానికి ముందు పీట వేయాలి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వ సంపూర్ణ మద్యనిషేధం దాని ఫలితాలే.

1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది. ఖజానా లోటు, సరిహద్దు దాటి వచ్చే సీసాలు, నాటుసారా కారణాలుగా చెప్పారు. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా వైన్ షాపులు, వాటి వెనక బెల్టు షాపులు, దశలవారీ నిషేధపు మాటలు, కొత్త ఎక్సైజు విధానాలు మనం చూస్తూనే ఉన్నాం. వెనక్కి తిరిగి చూస్తే నిషేధం వృథా అయిందని అనలేం. ఎన్నో వంటిళ్ళకు అది కొన్నేళ్ళ ఊపిరి పోసింది, కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్ళను కొంత ఆపింది. కానీ అప్పటికే శరీరం మత్తుకు అలవాటు పడినవాళ్ళకు ప్రతి మండలంలో వైద్యం, సలహా, మానినవాళ్ళ సంఘం ఏర్పాటు చేయకుండా వచ్చిన నిషేధం సగం పని మాత్రమే చేయగలిగింది. స్త్రీల ఉద్యమం దుకాణాన్ని మూయించింది. మూసిన దుకాణం ముందు మిగిలిపోయిన మనిషిని చేయి పట్టి నడిపించాల్సిన పని వైద్యవ్యవస్థది. ఆ పని అప్పుడు మొదలు కాలేదు.

ఆ లోటు ఎంత పెద్దదో రెండు సందర్భాలు కళ్ళకు కట్టాయి. తెలంగాణలోని నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏళ్ళ తరబడి కల్లులో డైజీపామ్, అల్ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మారు. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు ఆగిపోగానే వందలాది మంది పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో జిల్లా ఆసుపత్రులకూ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డ ముందు మళ్ళీ అదే వరస కనిపించింది. మద్యానికి బాగా అలవాటు పడినవాడు హఠాత్తుగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజుల్లోగా ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతిభ్రమ, లేనివి కనిపించడం, తీవ్రమైన జ్వరం ప్రాణం మీదికి తేవచ్చు. సరైన మందులు, బి1 విటమిన్, కనిపెట్టి ఉండే నర్సు ఉంటే ఈ గండం దాటడం కష్టమేమీ కాదు. గదిలో పెట్టి తాళం వేస్తే మానేస్తాడనుకున్న ఇళ్ళల్లో మాత్రం చావులు జరిగాయి.

తరాల అనుభవం, శాస్త్రం కలిసి కుటుంబానికి ఇచ్చిన వారసత్వం ఇప్పుడు మన చేతుల్లో ఉంది. మన సమాజంలో ఏటా కార్తీకంలో ఒక పెద్ద ప్రయోగం జరుగుతుంది. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి 41 రోజులు మద్యం ముట్టడు. వేళకు స్నానం, తోటి స్వాముల సాంగత్యం, ఊరి గౌరవం, కళ్ళెదుట ఒక లక్ష్యం అతణ్ణి నిలబెడతాయి. మాల తీసిన మర్నాడు ఆ నాలుగూ ఒక్కసారిగా పోతాయి, చాలామంది తిరిగి మొదలుపెడతారు. మానడం కంటే మానిన బతుకును నిలుపుకోవడం పెద్ద పని అని, దానికి రోజూ తోడుండే మనుషులు కావాలని ఇంతకంటే బాగా ఏ గ్రంథమూ చెప్పలేదు. తాగి ఉన్నప్పుడు వాదించడం దండగ. మత్తు దిగిన పొద్దుటి పూట, తిట్టకుండా, జరిగినవి జరిగినట్లు చెప్పి, డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దామని అడిగితే వినే అవకాశం ఎక్కువ. ఆఫీసుకు అబద్ధం చెప్పి సెలవు పెట్టించడం, తాగుడు అప్పులు ఇంటివాళ్ళు తీర్చడం అతణ్ణి కాపాడవు, జబ్బును కాపాడతాయి. తెలియకుండా అన్నంలో మందు కలిపి పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. డైసల్ఫిరామ్ వేసుకున్నట్టు తెలియనివాడు తాగితే ప్రాణం పోవచ్చు. కొట్టే చేయి ఉన్న ఇంట్లో భార్యాపిల్లల భద్రతే మొదటి చికిత్స. వాళ్ళు దూరంగా ఉండటం అతణ్ణి వదిలేయడం కాదు. మళ్ళీ తాగాడంటే అంతా పోయిందని అర్థం కాదు. బీపీ, ఉబ్బసం రోగుల్లో జబ్బు తిరగబెట్టినంత తరచుగానే ఇందులోనూ తిరగబెడుతుంది. చికిత్సను సరిచూసుకుని కొనసాగించాలి.

కొత్త తరం ముందు కొత్త మత్తులున్నాయి. విశాఖ మన్యంలో పెరిగిన గంజాయి, నగరాల్లో మాత్రలు, పొడులు, ఇంజెక్షన్లు కాలేజీ గేటు దాకా వచ్చాయి. అక్కడా పాత పొరపాటే చేయకూడదు. అమ్మేవాడికి చట్టం కఠినంగా ఉండాలి. వాడకానికి లోబడ్డ పిల్లవాడికి వైద్యం తలుపు తెరిచి ఉండాలి. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ వాడకం లేదా చిన్న పరిమాణం కేసుల్లో స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవాడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలను తన పరిధిలోకి తెచ్చి, రోగికి గౌరవంగా వైద్యం పొందే హక్కు ఇచ్చింది. గొలుసులతో కట్టేసి కొట్టే కేంద్రాలకు ఇక చట్టంలో చోటు లేదు. హెరాయిన్ వంటి మత్తులు కొంతకాలం మానినవాడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చన్న సంగతి కుటుంబానికి ముందే చెప్పి ఉంచాలి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే వ్యసనం గురించి, 14416 టెలి మానస్‌కు చేస్తే మానసిక ఆరోగ్యం గురించి ఉచితంగా సలహా దొరుకుతుంది.

ఇంత దూరం వచ్చాక లెక్క చూసుకుంటే గర్వించడానికీ, కలవరపడటానికీ కారణాలున్నాయి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు, సుమారు 5.7 కోట్ల మందికి అది హాని చేసే స్థాయికి చేరింది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందికి ఒక్కరు. చరకుడి కాలంలో వైద్యులకు తెలిసినది, ఆక్రన్‌లో ఇద్దరు రోగులు కనుగొన్నది, చెన్నైలో ఒక భార్య కట్టి చూపింది, దూబగుంటలో తల్లులు గెలుచుకున్నది ఇవాళ మన ఉమ్మడి ఆస్తి. జబ్బు ఏమిటో తెలుసు, మందు తెలుసు, తోడు ఎలా నిలవాలో తెలుసు, చట్టమూ పక్కనే ఉంది. మిగిలిన 37 మందికి ఇది చేర్చడమే రాబోయే తరం రాయాల్సిన అధ్యాయం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వణుకును గుర్తించగల వైద్యుడు, ప్రతి మండలంలో మానినవాళ్ళ సంఘం, మద్యం మీద వచ్చే ఆదాయంలో చికిత్సకంటూ తీసిపెట్టే వాటా, తాగే కొడుకు గురించి సిగ్గుపడకుండా సలహా అడగగలిగే తల్లి, ఇవి ఉంటే ఆ అధ్యాయం రాయడం సాధ్యమే. దుకాణాలు మూయించిన ఆడవాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు డాక్టర్లు, నర్సులు, టీచర్లు, అధికారులు. తమ అవ్వలు మొదలుపెట్టిన పనిలో మిగిలిన సగం ఇక వాళ్ళది.